లోపల కూడా పాలిషు

నలభై దాటిన మనిషిని వీధి వీధంతా పాప అని పిలుస్తుంటే కొత్తవాళ్లు తికమకపడతారు. పెన్నుల పాప ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చి తలుపు తడతారు. తీసిన మనిషి నెరిసిన జుట్టునూ, మోచేతుల దాకా అంటుకున్న రంగురంగుల ప్లాస్టిక్ పొట్టునూ చూసి, "మీ అమ్మాయి లేదాండీ?" అంటారు. "నేనే ఆ అమ్మాయిని, రండి" అంటుంది ఆమె. అందుకు ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఆ పేరు పెట్టినవాళ్లలో సగం మంది పోయారు, పేరు ఉండిపోయింది, అంతే.

ఇంటి ముందుగదే పనిగది. కిటికీ వారగా రెండు లేతు మిషన్లు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది తండ్రిది. వీధికి ఆయన మేస్త్రి. ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు కడ్డీని లేతుకు బిగించి, ఉలి ఆనించి, పొట్టు ఎగరగొట్టి పెన్ను తీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆ రబ్బరు వేడెక్కితే గంధకం కంపు కొడుతుంది. ఆ కంపు ముక్కుకు తగలని రోజు మా తమ్ముడికి తిండి సయించదని ఆయన అక్క దెప్పుతుంటుంది. పాపకు ఆమె మేనత్త. వెనకగదిలో పెద్ద ఓవెన్ పెట్టుకుని బిస్కెట్లు కాల్చి దుకాణాలకు వేస్తుంది. మేస్త్రిని "ఒరే" అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే, ఆ హక్కును ఆవిడ ఏ పూటా వృథా పోనివ్వదు.

ఆ ఇంటి పెన్నుకు ఒక గుర్తు ఉంది. మూత అంచున వెంట్రుకంత సన్నగా రెండు గీతలు. తెలిసినవాళ్లు కొట్లో ముందు ఆ గీతల మీద గోరు పెట్టి చూసుకుని తర్వాతే నిబ్బు సంగతి అడుగుతారు. మేస్త్రి చూపు మందగించాక ఆ పెన్నుల్లో సగానికి సగం పాపే తీసేది. గీతలు మాత్రం అవే. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, దుకాణం అన్నాక ఒకటే గుర్తు ఉంటుంది. కానీ తన చేత్తో తీసిన పెన్నును చూసి జనం "అబ్బ, మేస్త్రి చెయ్యి" అంటుంటే పక్కనే నిలబడి తల ఊపడం ఎంతకాలమని ఊపుతారు ఎవరైనా?

ఆమె ప్లాస్టిక్ వైపు మళ్లింది ఈ ఉక్రోషంతో కాదు, రంగు చూసి. దుకాణాల పేర్లబోర్డులు, బహుమతుల షీల్డులు చేసే ఒకాయన దగ్గరికి వేరే పని మీద వెళ్లింది. ఆయన పెరట్లో కోత ముక్కల తొట్టి ఎండలో ఉంది. ఏక్రిలిక్ అనే ప్లాస్టిక్ ముక్కలు. తేనె రంగువి, పచ్చసీసా రంగువి, చిక్కటి టీ డికాక్షన్ రంగువి. ఎండ వాటిని దాటి అవతలి గోడ మీద పడుతోంది. పేరు తప్పు చెక్కి పక్కన పడేసిన షీల్డులు కూడా అందులోనే ఉన్నాయి, పెన్ను తీయడానికి సరిపోయేంత మందం. "పారేసేవే, పట్టుకుపోండి" అన్నాడు బోర్డులాయన. ఆమె సంచి నింపుకుంది.

తర్వాత ఒక పత్రిక నుంచి ఎవరో వచ్చి, ఆమె వ్యర్థాలకు ప్రాణం పోసి పర్యావరణాన్ని కాపాడుతోందని రాసుకుపోయారు. భూమిని కాపాడే తీరిక తనకు లేదనీ, ఆ తేనె రంగు కొత్త కడ్డీల్లో దొరకదు కాబట్టి తెచ్చుకుంటున్నాననీ, ముక్కలో ముప్పాతిక వంతు పొట్టుగా మారి మళ్లీ చెత్తబుట్టకే పోతుందనీ ఆమె విడమర్చి చెప్పింది. అవేవీ అచ్చులోకి రాలేదు.

మొదటి పెన్ను చూసి మేస్త్రి పగలబడి నవ్వాడు. నవ్వడంలో తప్పు లేదు. నల్ల రబ్బరు పెన్నుకు బయట అద్దంలా మెరిస్తే చాలు, లోపల ఎలా ఉన్నా అడిగేవాడు లేడు. దీని లోపల డ్రిల్లు తిరిగిన చారలన్నీ బావి ఒరల్లా కనిపిస్తున్నాయి. మూత బిగించే మరల సందుల్లో ఇరుక్కున్న పొట్టు కనిపిస్తోంది. "కడుపులో పేగులు కనిపించే పెన్ను ఎవడికి కావాలే?" అన్నాడు.

ఆమె లోపల కూడా పాలిషు పట్టడం మొదలుపెట్టింది. డ్రిల్లును తొందరపెడితే ప్లాస్టిక్ కరిగి దానికే అంటుకుంటుంది. అందుకని నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ, కాస్త దించి, పైకి తీసి, తుడిచి, మళ్లీ దించాలి. ఆ తర్వాత సన్నటి చెక్కపుల్లకు గుడ్డ చుట్టి, పాలిషు పూసి, రంధ్రం గోడలను రుద్దాలి. కంటికి కనబడని చోట వేలికొసతో పనిచేయడమే. చాలా ముక్కలు పాడయ్యాయి. చివరికి ఒకరోజు తేనె రంగు గొట్టంలో నీళ్లు పోసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, నీళ్లు ఎక్కడ ఆగాయో ప్లాస్టిక్ ఎక్కడ మొదలైందో తెలియలేదు. మేస్త్రి తన లేతు ఆపి చూశాడు. నవ్వలేదు. మెచ్చుకోనూ లేదు. లేతు మళ్లీ వేసుకున్నాడు.

బజారు మలుపులో పెన్నుల కొట్టు ఉంది. దాని యజమాని నల్ల పెన్నుల కోసం ఇంటికి వచ్చినప్పుడు పాప చేతిలోని పెన్ను ఆయన కంట పడింది. వెలుగుకు పట్టి చూశాడు, తిప్పి చూశాడు, మూత మరలు విప్పి చూశాడు. కాలేజీలు తెరిచే ముందు తన అద్దాల బీరువాలో మధ్య అర మొత్తం వీటికి ఇస్తానన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"గుర్తు ఎవరిది వేస్తారు?"

"నాది" అంది పాప, తండ్రి నోరు తెరవకముందే. ఆ గుర్తు ఏమిటో అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. మూత నెత్తిన చిన్న గుంట తొలిచి, అందులో ఎర్ర ప్లాస్టిక్ చుక్క పొదగడం.

కొట్టాయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తన లేతు వైపు చూసుకున్నాడు. "పాపగారూ, మేస్త్రి గీతలు లేని పెన్ను నా మధ్య అరలోకి రావడం ఇదే మొదలు" అన్నాడు కొట్టాయన. "మనలో మాట, ఒక్కటి పగిలి తిరిగొచ్చినా అర ఖాళీ చేయిస్తాను. ఆ తర్వాత మళ్లీ నన్ను అడగొద్దు."

ఆమె సరేనంది. అర నిండేటన్ని పెన్నులు తీసింది, ప్రతిదాన్నీ లోపలా బయటా రుద్దింది, నీళ్లు పోసి కారుతున్నాయేమో చూసింది. అన్నిటినీ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి, నిబ్బులు తేవడానికి బజారుకు వెళ్లింది. జరిగిందంతా ఆమె లేని ఆ పూటే జరిగింది.

మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. వరసలో ఒక పెన్ను తీసి కిటికీకి పట్టి తప్పు వెతికాడు. దొరకలేదు. ఇంకోటి తీశాడు. అందులోనూ దొరకలేదు. ఆ ఇంట్లోంచి పెన్ను బయటికి వెళ్లే ముందు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒళ్లంతా తుడవడం ఆయన పని. వేళ్ల జిడ్డు పోతుంది, మెరుపు తేలుతుంది. తనకు నచ్చని పెన్నును ఆయన జీవితంలో ఎన్నడూ తుడవలేదు, ముక్కలు చేసి పారేస్తాడు. అలాంటి మనిషి కూతురి పెన్నులన్నిటినీ ఒక్కొక్కటిగా, లోపలా బయటా, ఓపిగ్గా తుడిచాడు. నోటితో చెప్పడం చేతకాదు కాబట్టి గుడ్డతో చెప్పాడు. ఆమె తిరిగి రాగానే, "అన్నీ తుడిచి పెట్టాను, నిబ్బులు బిగించుకో" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమంతా కూనిరాగం తీస్తూ నిబ్బులు బిగించింది.

పొద్దున్న చూస్తే పెన్నులన్నీ చీలి ఉన్నాయి.

విరిగిపోవడం కాదు. మరల దగ్గర, రంధ్రం చుట్టూ, సన్నటి వెండి గీతలు సాలెగూడులా అల్లుకున్నాయి. నల్ల పెన్నులో అయితే ఎవరికీ కనిపించేవి కావు. ఇక్కడ ఒక్కో గీత వెలుగు పట్టుకుని తళతళమంటోంది. వేలితో నొక్కితే ఒక మూత రెండుగా ఊడివచ్చింది.

"చెప్పానా లేదా" అన్నాడు మేస్త్రి. గొంతులో ఎత్తిపొడుపు లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "ఎవడో ఎన్నాళ్లో ఎండలో పడేసిన ముక్కలవి. వాటిలో సారం ఏం మిగిలి ఉంటుంది? పోనీలే, మంచి రబ్బరు కడ్డీలు ఉన్నాయి. ఆ అర నల్లవాటితో నింపుదాం. కావాలంటే నీ చుక్కే పెట్టుకో."

ఇది చిన్న మాట కాదు. ఆయన తన పెన్ను మీద ఇంకొకరి గుర్తు పెట్టనిస్తానన్నాడు. "నల్ల పెన్ను మీద నా చుక్క ఎందుకు నాన్నా? అది నీ పెన్ను" అంది పాప. కొట్టాయనకు ఫోన్ చేసి ఇంకో వారం కావాలంది. ఆయన గొణిగాడు, పంచాంగం చూసినట్టు కాలేజీలు తెరిచే తేదీ రెండుసార్లు చెప్పి పెట్టేశాడు.

ఇలాంటి చోట కథల్లోని ఆడవాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని ఆకాశంలోకి చూస్తారు. ఆమె సొరుగు లాగింది. అందులో చెడిపోయిన పని ఉంటుంది. మరలు కుదరని మూతలు, వంకర గొట్టాలు, పొట్టిగా తెగినవి. చీలిన పెన్నులు ఏ ముక్కల నుంచి వచ్చాయో ఇవీ ఆ ముక్కల నుంచే వచ్చాయి. నెలల తరబడి సొరుగులో దొర్లుతూ ఉన్నాయి. ఒక్కదాని మీదా గీత లేదు. అంటే ముక్కల తప్పు కాదు. మంచివాటికి జరిగి, వీటికి జరగనిది ఏమిటి? పనికిరానివి కాబట్టి వీటిని ఎవరూ తుడవలేదు.

ఆమెకు విషయం తట్టిన క్షణానే ఇంకోటి కూడా తట్టింది. చెబితే తండ్రి తప్పు అవుతుంది. స్పిరిట్ సీసా ఎక్కడో దాచేసి, తానే చాటుగా పరీక్షించుకుని, ముసలాయన మనసు నొప్పించకుండా గడిపేయవచ్చు. అలా గడిపేయడాన్ని మంచితనం అనడం మనకు అలవాటు. ఆమె అలా అనుకోలేదు. ఆయన మేస్త్రి, మంచం పట్టిన మనిషి కాదు. పైగా చెప్పకపోతే ఈసారి ఆమె బజారుకు వెళ్లినప్పుడు మళ్లీ తుడుస్తాడు.

"నాన్నా, ఇలా రా. ఈ మూతను తుడువు."

"పనికిరాని మూతను తుడవడమేంటి?"

"నిన్న ఎలా తుడిచావో అలాగే."

ఆయన ఆమె మొహం చూశాడు, సీసా చూశాడు. గుడ్డ తడిపి తుడిచాడు. మూతను కిటికీ గట్టు మీద పెట్టి ఇద్దరూ కుర్చీలు లాక్కుని దాని ముందు కూర్చున్నారు. మొదట ఏమీ లేదు. తర్వాత మర అంచున ఒక వెండి పోగు పుట్టి, ఆగి, కదిలింది. మేస్త్రి భూతద్దం అందుకున్నాడు. క్షమించమనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు, అప్పుడూ రాలేదు. ముక్కు మూతకు ఆనేంత దగ్గరగా వంగి, "అదుగో, ఇంకోటి" అన్నాడు.

చాలాసేపు అలాగే చూశాడు. "రబ్బరుకు ఏమీ కాదే" అన్నాడు చివరికి, ఎవరో తనకు అబద్ధం చెప్పినట్టు.

"ఇది రబ్బరు కాదుగా."

"ఊ" అని ఆయన చొక్కా జేబులోంచి ఒక పెన్ను తీశాడు. తేనె రంగుది. "మరి ఇదెందుకు పగల్లేదు? దీన్నీ తుడిచాను. అన్నిటికంటే ఎక్కువ తుడిచాను."

పొద్దున్న చీలిన వాటి మధ్య ఇది ఒక్కటే నిక్షేపంగా ఉందని ఆయన చూశాడు. పాప చూడకముందే తీసి జేబులో వేసుకున్నాడు. నచ్చింది కాబట్టి వేసుకున్నాడు, చెప్పలేదు. పాప దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎక్కడా గీత లేదు. వెనకగది గుమ్మంలో నిలబడి చేతుల పిండి దులుపుకుంటున్న మేనత్త అడక్కుండానే సమాధానం చెప్పింది. దాని లోపల నీళ్ల తేమ ఎంతకీ ఆరకపోతే, మొన్న బిస్కెట్లు తీశాక వేడి తగ్గుతున్న ఓవెన్లో పెట్టానంది. మర్నాడు చల్లారాక తీసి వరసలో పెట్టిందట.

"ఈ మాట పొద్దున్న చెప్పొచ్చుగా అత్తా" అంది పాప.

"నన్ను అడిగిందెవరే? నువ్వేమో సొరుగులు లాగుతున్నావు, వాడేమో మొహం గంటు పెట్టుకు కూర్చున్నాడు. మధ్యలో నేనొచ్చి బిస్కెట్ల కబుర్లు చెప్పనా?"

సంగతి అదీ. డ్రిల్లూ ఉలీ ప్లాస్టిక్‌ను తొలుస్తున్నప్పుడు దాని లోపల బిగువు పుడుతుంది. పైకి నున్నగానే ఉంటుంది, బిగువు మాత్రం లోపలే ఉండిపోతుంది. స్పిరిట్ తగలగానే ప్లాస్టిక్ అక్కడ విచ్చుకుంటుంది. పట్టేసిన పిక్కకు కాపడం పెట్టినట్టు, పని అయ్యాక మెల్లగా వేడి చేసి మెల్లగా చల్లారనిస్తే ఆ బిగువు వదులుతుంది. ఫ్యాక్టరీల్లో ఇది అందరికీ తెలిసిన విషయమే, పుస్తకాల్లో కూడా ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నల్ల రబ్బరు వాళ్లకు ఆ అవసరం ఎప్పుడూ కలిగించలేదు.

తెలిసినంత మాత్రాన పని అవలేదు. మొదటిసారి ఆత్రంగా బిస్కెట్లతో పాటే పెట్టేశారు. తీసేసరికి గొట్టాలు దోసకాయల్లా వంగిపోయాయి. "వంకరగా రాసేవాళ్లకు పనికొస్తాయిలే" అంది మేనత్త. రెండోసారి తలుపు తొందరపడి తెరిచారు. తుడిస్తే సగం చీలాయి. ఆ తర్వాత మేనత్తే పగ్గాలు పట్టుకుంది. ఓవెన్ మొదట బిస్కెట్లది, తర్వాతే పెన్నులది. ట్రే వేరు. బిస్కెట్లు తీసి, తన చేతి లెక్క ప్రకారం వేడి తగ్గాకే పెన్నులు లోపలికి. తలుపు మూశాక అది చల్లబడేదాకా మేస్త్రి ఆ గదిలో అడుగు పెట్టకూడదు. ఆయన గుమ్మం దాకా వెళ్లి తలుపు సందులోంచి తొంగి చూస్తే, "ఒరే, అదేం ఉడికేది కాదు, మూత తీసి చూడ్డానికి" అని కసిరేది.

ఓవెన్ నుంచి బయటపడ్డ ప్రతి పెన్నునూ మేస్త్రి స్పిరిట్‌తో తుడిచేవాడు. మెరుపు కోసం కాదు, పగులుతుందేమో చూడ్డానికి. పాపే ఆ పని అప్పజెప్పింది. ఆయన దయ చూపలేదు. గుడ్డ పిండకుండా తుడిచాడు, మరల సందుల్లోకి దూర్చి తుడిచాడు, ఒక రోజు ఆగి మళ్లీ తుడిచాడు. నిలిచినవాటిని అటు పక్కకు జరిపి, "ఇవి నీవి" అనేవాడు. అర నిండింది.

కొట్టుకు ఇద్దరూ కలిసే వెళ్లారు. కొట్టాయన పెన్నులను ఒక్కొక్కటే విప్పి చూసి, నెత్తిన ఎర్ర చుక్కను గోటితో గీకి చూసి, బాగున్నాయన్నాడు. మధ్య అర ఖాళీ చేసి వరసగా పేర్చాడు. పేర్చి, బయటికి వెళ్లి వీధిలోంచి చూశాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం మారిపోయింది.

పాప కూడా వెళ్లి చూసింది. ఆయన మొహం అలా ఎందుకు మారిందో అర్థమైంది. బీరువా వెనక చెక్క ఉంది, దాని మీద ముదురు నీలం మఖమల్ గుడ్డ. నల్ల పెన్నులకు అది కుదిరింది. వీటికి కుదరలేదు. తేనె రంగూ, పచ్చసీసా రంగూ, డికాక్షన్ రంగూ అన్నీ ఒకే మురికి గోధుమరంగుకు తిరిగాయి. అరలో పెన్నులున్నాయన్నది కూడా దగ్గరికి వెళ్తే గానీ తెలియడం లేదు.

"మీ ఇంట్లో కిటికీ దగ్గర బాగున్నాయి" అన్నాడు కొట్టాయన నీళ్లు నములుతూ. "ఇక్కడ వెలవెలబోతున్నాయి. పోనీ, లోపల సొరుగులో పెట్టుకుని అడిగినవాళ్లకు చూపిస్తాను. మధ్య అరలోకి మేస్త్రివే..."

"స్క్రూడ్రైవర్ ఉందా?" అంది పాప.

"ఎందుకండీ?"

"ఆ వెనక చెక్క తీసేద్దాం. దాని వెనక కిటికీ ఉంది కదా."

"అది మా నాన్న బిగించింది. ఇన్నేళ్లలో ఎవరూ కదపలేదు."

"మేకులు కొట్టలేదుగా, మరలే బిగించారు. విప్పే పని పడుతుందని ఆయనకీ తెలుసు."

కొట్టాయన సాయం కోసం మేస్త్రి వైపు తిరిగాడు. "మేస్త్రీ, మీరైనా చెప్పండి. వెనక నుంచి వెలుగొస్తే మీ నల్ల పెన్నులు ఏం కావాలి?"

"నల్లగా ఉంటాయి" అన్నాడు మేస్త్రి. అప్పటికే ఆయన బీరువా పక్కన మోకాళ్ల మీద కూర్చుని మరలు ఎక్కడున్నాయో వేళ్లతో తడుముతున్నాడు.

తుప్పు పట్టిన మరలు ఓ పట్టాన కదల్లేదు. ఒకదాని తల అరిగిపోయి పాప దాన్ని పటకారుతో పట్టి తిప్పాల్సి వచ్చింది. చివరి మర ఊడగానే చెక్క గుడ్డతో సహా ముందుకు వాలింది, మేస్త్రి రెండు చేతులతో ఆపాడు. వెనక కిటికీ ఎండ బీరువాలోకి ఒక్కసారిగా వచ్చిపడింది. వీధిలో పోతున్న ఒకామె ఆగింది. అర మీద తేనె రంగు, పచ్చసీసా రంగు ఒకదాని పక్కన ఒకటి వెలిగాయి. వాటితో పాటు అద్దాల మీద ఏళ్ల తరబడి పేరుకున్న వేలిముద్రలూ, మూలల్లోని బూజూ, కింది అరలో చచ్చిపడి ఉన్న ఒక ఈగా కూడా వెలిగాయి. బయట ఆగిన ఆమె లోపలికి వస్తోంది. కొట్టాయన గబగబా గుడ్డ కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.